సెల్విన్ చెప్పిన బ్యాటరీ

మునిశంకర్ మొదటిసారి రిమోట్ చేత పట్టింది మాలూరులో, మూతబడిన పెంకుల ఫ్యాక్టరీ బయల్లో. రిమోట్ సెల్విన్‌ది. బండీ సెల్విన్‌దే.

ఒకప్పుడు పెంకుల లారీలు తిరిగేదానికి వేసిన తారు అది. ఫ్యాక్టరీ ఓనరు కొడుకు జయరాం ఆ తారు మీద సున్నంతో గీతలు గీయించి, మలుపుల్లో పాత టైర్లు పేర్పించి, ఆదివారం పూట రిమోట్ ట్రక్కుల రేసు నడిపేవాడు. మూరెడు పొడుగు ట్రక్కులు. చూసేదానికి బొమ్మలు, ఉరికితే గంటకు డెబ్బై కిలోమీటర్లు. మట్టిలో ఎగిరే రకం కాదు. పొట్ట నేలకు అంటేంత కిందికి ఉంటుంది, తారు మీద గులకరాయి తగిలినా పల్టీ కొడతాయి. బెంగుళూరు నుంచి, హోసూరు నుంచి ఇరవై మంది దాకా వచ్చేవాళ్ళు.

కేజీఎఫ్ నుంచి వచ్చేది సెల్విన్ ఒక్కడే. వాళ్ళ నాయన అక్కడి బంగారు గనిలో ఎలక్ట్రీషియన్. మనుషుల్ని భూమి లోపలికి దించే మోటార్లు చూసుకునేవాడు. గని మూసినప్పుడు సెల్విన్‌కు పద్నాలుగేళ్ళు. ఆ తర్వాత నాలుగేళ్ళకే నాయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయినాడు. ఇప్పుడు సెల్విన్ బెంగుళూరులో లిఫ్టులు రిపేరు చేస్తాడు. కేజీఎఫ్‌లోనే కోరమండల్ అనేచోట, నాయన కాలం నాటి క్వార్టర్స్‌లోనే అమ్మ ఆగ్నెస్‌తో ఉంటాడు. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాడు. పెండ్లి చేసుకోలేదు. వారంలో ఆరు దినాలు ఊరోళ్ళ లిఫ్టులు, ఏడో దినం తన ట్రక్కు. ఏ మోటారు వేయాల, ఏ బ్యాటరీ పెట్టాల అని ఆ బయల్లో ఎవురికి అనుమానం వచ్చినా సెల్విన్‌నే అడిగేవాళ్ళు.

మునిశంకర్‌ది టేకల్ పక్కన పల్లె. రాగి చేను, నాలుగు ఆవులు, మల్బరీ తోట, పట్టుపురుగులు. పురుగుల పని పెండ్లాం పుష్పావతిది. అతను పాలటెంపో తోలేవాడు. ఆదివారం మాలూరులో పాలు దించినాక ఫ్యాక్టరీ గోడ పక్కన టెంపో ఆపి, పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకుని రేసు చూసేవాడు. రెండు నెలలు అట్లే చూసినాడు. లోపలికి రమ్మని ఎవురూ అనలేదు. అన్నది సెల్విన్ ఒక్కడే.

"రాప్పా, ఊరికే చూస్తావా? పట్టుకో ఒకసారి."

మొదటి నాలుగు చుట్లలో మునిశంకర్ బండిని మూడుసార్లు టైర్లకు కొట్టినాడు. పదో చుట్టుకు తగలడం నిలిచిపోయింది. ఇరవయ్యో చుట్టుకు మాటలు నిలిచిపోయినాయి. అందరూ తమ పని వదిలేసి గీత దగ్గరికి వచ్చి నిలబడినారు. మలుపు రాకముందే అతని వేలు కొంచెం వదిలేది, బండి తనంతట తాను తిరిగినట్టు తిరిగేది, మలుపు దాటేలోపల మళ్ళీ జోరు అందుకునేది. జయరాం తన ఫోన్‌లో టైము చూసినాడు. చుట్టుకు పంతొమ్మిది సెకండ్ల మీద ఒక చుక్క. సెల్విన్ ఆరేళ్ళలో ఎప్పుడూ పంతొమ్మిదిన్నరకు కిందికి రాలేదు.

"సెల్విన్, నీ బండి ఇన్నాళ్ళకు డ్రైవర్ని చూసిందిరా" అన్నాడు జయరాం.

అందరూ నవ్వినారు. సెల్విన్ కూడా నవ్వినాడు. రిమోట్ తిరిగి తీసుకున్నాక మరి ఆ పొద్దు బండి తోలలేదు. మోటారు వేడెక్కిందని చెప్పి పెట్టెలో పెట్టేసినాడు.

మూడు వారాల తర్వాత మునిశంకర్ వెతుక్కుంటా కోరమండల్‌కు వచ్చినాడు. చేతిలో సొంత ట్రక్కు డబ్బా. మోటారూ బ్యాటరీ లేని ఒట్టి చట్రం, చక్రాలు, పైన ఎర్ర లారీ బొమ్మ. ఆగ్నెస్‌కని మునక్కాయలు, కవర్లో వెన్న తెచ్చినాడు. ఆగ్నెస్ అతన్ని కూర్చోబెట్టి మీగడ పెరుగన్నం పెట్టింది. ఇంట్లోకి వస్తూనే చెప్పులు బయట వరుసగా పెట్టి, అమ్మా అని పిలిచిన పిల్లోడు ఆమెకు నచ్చినాడు.

డిసెంబరులో పెద్ద రేసు ఉండాదని అప్పటికే అందరికీ తెలుసు. బెంగుళూరులో రిమోట్ బండ్లు అమ్మే అంగడాయన వచ్చి చూస్తాడంట. గెలిచినోణ్ణి తన డ్రైవర్‌గా పెట్టుకుంటాడంట. బండి, మోటారు, బ్యాటరీ అన్నీ ఆయనవే, చెన్నై, హైదరాబాదు రేసులకు పంపేదీ ఆయనే. ఆ మాట విన్న దినం నుంచి సెల్విన్ లిఫ్టు గుంతల్లో గ్రీజు పూస్తా ఉన్నా ఆ రేసే కండ్ల ముందర పెట్టుకుని ఉండినాడు.

మునిశంకర్ స్కూలు నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకుని కింద కూర్చున్నాడు.

"అన్నా, మోటారు చెప్పు, బ్యాటరీ చెప్పు. నువ్వేది చెబితే అది తెప్పిస్తాను."

"బ్రష్‌లెస్ మోటార్లకు కేవీ అని ఒక నెంబరుంటుంది. తెలుసునా?"

"తెలీదన్నా."

"ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. నెంబరు పెరిగేకొద్దీ జోరు. జోరుతో పాటు కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది."

ఇంతదాకా సెల్విన్ నిజమే చెప్పినాడు.

"అట్లయితే మన బండి బరువుకు చిన్న నెంబరే మేలు కదన్నా? మలుపుల్లో మెల్లగా లేస్తే చాలు నాకు" అన్నాడు మునిశంకర్.

సెల్విన్ అతని మొహం చూసినాడు. తాను రెండేండ్లు మోటార్లు కాల్చుకుని తెలుసుకున్న సంగతి ఇది. ఈ పాలటెంపోవాడు పెరుగన్నం తిని చెయ్యి కడుక్కునేలోపల పట్టేసినాడు. సెల్విన్ బండిలో ఉన్నది మూడువేల మూడునూర్ల కేవీ మోటారు, గట్టి ప్లాస్టిక్ డొప్పలో ఉండే పెద్ద బ్యాటరీ. ఆ మాట నాలిక కొస దాకా వచ్చింది.

"చిన్న నెంబరు నేర్చుకునేవాళ్ళకు. నీ చేతికి అది చాలదు. ఆరువేలది తెప్పించు."

"ఆరువేలు" అని రాసుకున్నాడు మునిశంకర్.

"బ్యాటరీ డొప్పలేనిది తీసుకో, చిన్నది. బరువు తగ్గుతుంది. మీద నూరు సి అని రాసి ఉంటుంది. అంటే ఎంత కరెంటు అడిగినా ఇస్తుందని."

ఆ రకం బ్యాటరీ మీద రాసింది ఒట్టి రాత అని సెల్విన్‌కు తెలుసు. అట్లాంటిది ఒకటి తానూ కొని, రెండో వారమే చపాతీ మాదిరి ఉబ్బితే తీసుకుపోయి పారేసి వచ్చినాడు.

"ఇంగ ఒకటి. బ్యాటరీ మరీ ఖాళీ కాకముందే స్పీడ్ కంట్రోలరు బండిని నిలిపేస్తుంది. కట్-ఆఫ్ అంటారు. దాన్ని ఆఫ్ చేసుకో. లేకుంటే చివరి చుట్టులో నిలబడిపోతావు. ఛార్జింగ్ ఎప్పుడూ రెండింతల స్పీడులో పెట్టు. టైము కలిసొస్తుంది."

అన్నీ రాసుకున్నాడు. పోయేటప్పుడు వంగి సెల్విన్ కాళ్ళకు మొక్కబోతే సెల్విన్ వెనక్కి జరిగినాడు.

మోటారు కాలిపోతుంది, అంతే అనుకున్నాడు సెల్విన్. డిసెంబరుకు ముందు కాలితే మంచిది, రేసు నడిమధ్య కాలితే ఇంకా మంచిది. అంతకంటే దూరం అతను ఆలోచన చేయలేదు. చేయగలిగినవాడే, చేయలేదు.

మునిశంకర్ ఆ బండిని కూడా తోలినాడు. వేరేవాళ్ళయితే మొదటి దినమే మోటారు మాడ్చుకునేవాళ్ళు. అతను రెండు చుట్లు తోలి, ఒక చుట్టు చల్లార్చి, వేలు వదులుతా పడుతా ఎట్లనో లాగించినాడు. పంతొమ్మిదికి కిందికి వచ్చింది టైము. సెల్విన్ గీత దగ్గర నిలబడి చూసి, బాగుండాదప్పా అన్నాడు.

అక్టోబరులో ఒక మంగళవారం సాయంత్రం. సెల్విన్ తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చోనుండినాడు. ఎదురు సీట్లో వాళ్ళు చీట్లాడుతా ఉండినారు. మునిశంకర్ ఫోను చేసినాడు.

"అన్నా, బ్యాటరీ ఉబ్బింది. పొట్ట మాదిరి లేచింది. పారేయమంటావా?"

 రైలు వైట్‌ఫీల్డ్ దాటింది.

"అన్నా, వినిపిస్తా ఉండాదా?"

"వినిపిస్తా ఉండాది. కొత్త బ్యాటరీలు అట్లే ఉబ్బుతాయి మునీ. ఏం కాదు. రెండు మూడుసార్లు ఛార్జి చేస్తే సర్దుకుంటుంది."

"దగ్గర కూర్చోవాల్నా?"

"పనిలేదు. పెట్టేసి నీ పని చూసుకో."

ఫోను జేబులో పెట్టుకున్నాక ఎదుటాయన, ఫోనులో ఎవురు సెల్విన్ అని అడిగినాడు. తెలిసిన పిల్లోడు అని చెప్పి, అతనూ ఆటలో చేరి చీట్లు తీసుకున్నాడు.

ఆ పల్లెలో కరెంటు వంతుల వారీగా వస్తుంది. ఇన్వర్టరు ఉండేది పురుగుల ఇంట్లో ఒక్కచోటే. పురుగులకు వెచ్చదనం తప్పకుండా ఉండాలని పెట్టించిందది. బుధవారం మధ్యాహ్నం మునిశంకర్ అక్కడే, తలుపు పక్కన గూట్లో బ్యాటరీ ఛార్జింగ్‌కు పెట్టి, ఆవుకు సూది వేయించను పోయినాడు.

పురుగులు నాలుగో జ్వరం లేచి నాలుగు దినాలైంది. జ్వరమంటే పురుగు మేత మాని, పొర విడిచే కాలం. నాలుగోది లేచినాక వారం దినాలు రాత్రీ పగలూ మేస్తాయి. ఆకు వేసినాక ఆ ఇంట్లో వాన పడినట్టు చప్పుడు. పుష్పావతి ఒక తట్ట ఆకు వేసి రెండోది ఎత్తుకుంటా ఉంటే గూట్లో బుస్సుమని శబ్దం వచ్చింది. పాము అనుకుని తిరిగి చూసింది. బ్యాటరీ నుంచి తెల్లని పొగ ఈటె మాదిరి దూసుకొస్తా ఉండాది. ఆమె చూస్తా ఉండంగానే మంట అంటుకుంది. గూటి కిందనే ఎండాకు, దాని పక్కనే వెదురు తడికలు, తడికల మీద పురుగులు.

ఆమె ఆలోచన చేయలేదు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. గూటికీ వాకిలికీ ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో అది చేతుల్లోనే ఇంకోసారి పేలింది. కరిగిన కవరు అరచేతులకు అంటుకుంది. విసిరేద్దామన్నా విడిచి రాలేదు. నీళ్ళ తొట్టిలో చేతులు ముంచింది. నీళ్ళల్లో కూడా బుసబుసమంటానే ఉండింది.

ఇల్లు కాలలేదు. పొగ మాత్రం లోపల నిండిపోయింది. పొద్దుగూకేసరికి పురుగులన్నీ తలలెత్తి, పచ్చని నీళ్ళు కక్కి, తడికల మీదనే సాగిలబడి చచ్చినాయి. అత్త మునిలక్ష్మమ్మ వాటిని చాటలతో ఎత్తి దిబ్బలో పోసింది. పుష్పావతి అప్పటికి కోలారు ఆస్పత్రిలో ఉండాది.

ఎడమచెయ్యి నెల దినాలకు తోలు కట్టింది. కుడిచెయ్యి మూడు వేళ్ళు ఒకదానికొకటి అంటుకుని అరచేతిలోకి ముడుచుకుపోయినాయి. ఆపరేషన్ చేసి విడదీసినా వంగుతాయని చెప్పలేమన్నాడు డాక్టరు.

మునిశంకర్ నవంబరులో కోరమండల్‌కు వచ్చినాడు. ఆగ్నెస్ ఇంట్లో లేదు, చర్చికి పోయింది. ట్రక్కు డబ్బా ముందర పెట్టి తల వంచుకుని నిలబడినాడు.

"అన్నా, నువ్వు చెప్పినట్టే చేసినాను. యాడ తప్పు జరిగిందో తెలీలేదు. నువ్వే చెప్పల్ల."

సెల్విన్ స్టూలు మీద కూర్చుని స్క్రూడ్రైవరు తుడుస్తా ఉండినాడు.

"ఛార్జరు ఎంతలో పెట్టినావు?"

"రెండింతల్లో. నువ్వు..."

"అదే తప్పు" అన్నాడు సెల్విన్, అతని మాట పూర్తి కానీయకుండా. "ఉబ్బిన బ్యాటరీకి అంత స్పీడు ఎవురైనా పెడతారా? ఇంట్లో ఆడోళ్ళుండంగా పెట్టి బయటికి పోతారా?"

మునిశంకర్ చాలాసేపు అతన్నే చూసినాడు. ఆ చూపు సెల్విన్ తట్టుకున్నాడు. కండ్లు దించలేదు.

"సరేన్నా. తప్పు నాదే" అన్నాడు మునిశంకర్. "ఈ బండి నువ్వే పెట్టుకో. కొత్త చట్రం, బాగుండాది. నాకింగ వద్దు."

సెల్విన్ వద్దనలేదు. అతను పోయినాక ఆ ఆరువేల మోటారు పీకేసి, తన మూడువేల మూడునూర్ల మోటారు బిగించినాడు. పెద్ద బ్యాటరీ పెట్టినాడు. కట్-ఆఫ్ మళ్ళీ ఆన్ చేసినాడు. చట్రం నిజంగానే తన పాతదానికంటే మేలైనది. డిసెంబరు రేసులో ఆ ఎర్రలారీతోనే గెలిచినాడు. అంగడాయన అక్కడికక్కడే చెయ్యి కలిపి, ఫిబ్రవరిలో హైదరాబాదు అన్నాడు.

ఆ రేసులో మునిశంకర్ కూడా ఉండినాడు. మూడో మలుపులో. పల్టీ కొట్టిన బండ్లను పరిగెత్తి పోయి తిరగేసి పెట్టేదానికి మలుపుకొక మనిషి ఉంటాడు. జయరాం ఆ పని అతనికి ఇచ్చినాడు. ఒకసారి సెల్విన్ బండి టైరుకు తగిలి బోర్లాపడింది. మునిశంకర్ పోయి లేవనెత్తేలోపల రెండు సెకండ్లు ఆలస్యమైంది.

"మునీ, నిద్రపోతా ఉండావా యాడైనా?" అని మైదానమంతా వినబడేటట్టు కేకేసినాడు సెల్విన్.

మునిశంకర్ చెయ్యెత్తి, తప్పైంది అన్నట్టు చూపించినాడు.

క్రిస్మస్ అయిన మూడో దినం ఆగ్నెస్ మునిశంకర్‌నీ పుష్పావతినీ భోజనానికి పిలిచింది. పుష్పావతికి అదే మొదటిసారి ఆ ఇంటికి రావడం. చేతులు కొంగులో దాచుకుని వచ్చింది. కుర్మా, పులావు చేసింది ఆగ్నెస్. మునిశంకర్ వసారాలో సెల్విన్ కొత్త మోటారు చూస్తా కూర్చున్నాడు. పుష్పావతి పెరట్లోకి చేతులు కడుక్కునేదానికి పోయింది.

పెరట్లో, ఇంటికి పది అడుగుల దూరంలో, పాత మట్టికుండ ఒకటి ఉండాది. కుండ నిండా ఇసుక. ఇసుక మధ్యలో ఒక బ్యాటరీ, దాని తీగలు గోడ మీద పెట్టిన ఛార్జరుకు పోయినాయి. పైన తడవకుండా రేకు.

"అమ్మా, ఇదేమి, ఇట్ల బయట పెట్టినారు?"

"మా సెల్విన్ ఎప్పుడూ అట్లే పెడతాడమ్మా" అంది ఆగ్నెస్, తువ్వాలు అందిస్తా. "అవి పేలుతాయంట. ఆరేళ్ళ నుంచీ ఒక్కదినం ఇంట్లోకి రానీలేదు. ఉబ్బిందాన్నయితే తాకనే తాకొద్దంటాడు. తానే తీసుకుపోయి ఉప్పునీళ్ళల్లో వేసి పారేస్తాడు. నాకైతే ఎన్నిసార్లు చెప్పినాడో."

చెప్పి, ఎదురుగా నిలబడిన మనిషి చేతులు చూసి, ఆగ్నెస్ నోరు మూసుకుంది.

పుష్పావతి తడిచేతులతోనే లోపలికి వచ్చింది. సెల్విన్ పళ్ళాలు సర్దుతా ఉండినాడు.

"అన్నా, ఉబ్బిన బ్యాటరీ తాకొద్దని మీ అమ్మకు చెప్పినావు. మాకు ఛార్జింగ్ పెట్టమని చెప్పినావు. ఫోనులో నువ్వు చెబుతా ఉంటే నేను పక్కనే ఉండాను, విన్నాను. ఏమిటికి అట్ల చెప్పినావు?"

సెల్విన్ పళ్ళెం బల్ల మీద పెట్టినాడు.

"నేనట్ల చెప్పలేదు. నువ్వు సరిగ్గా వినిండవు."

"మీ పెరట్లో ఇసుక కుండ ఉండాది. ఇసుకలో పెట్టమని ఒక్క మాట చెప్పింటే సరిపోయేది. ఒక్క మాట."

"అడగలేదు. అడిగింటే చెప్పేవాణ్ణి."

పుష్పావతి, వెనకాలే లోపలికి వచ్చిన ఆగ్నెస్ వైపు తిరిగింది. ఈ ఇంట్లో న్యాయం చెప్పే మనిషి ఆమె ఒక్కతే అని ఆమెకు తోచింది. ఆగ్నెస్ కండ్లలో నీళ్ళు తిరుగుతా ఉండినాయి. కొడుకు వైపు చూసింది, గోడ మీద చచ్చిపోయిన మొగుని ఫోటో వైపు చూసింది, పైట చెంగుతో కండ్లు తుడుచుకుంది.

"మావాడు ఆరేళ్ళు కష్టపడినాడమ్మా దీనికోసం" అంది. "మీకు చేనుండాది, ఆవులుండాయి. వానికి ఏముండాది? జరిగిందేదో జరిగిపోయింది. పండగ దినాల్లో ఇంటికొచ్చి ఇట్లాంటి మాటలు మాట్లాడొద్దు. కూర్చో, అన్నం తిను."

పుష్పావతి తినలేదు. వసారాలో మొగునికి పోదాం లే అని చెప్పి వీధిలోకి నడిచింది.

కోరమండల్‌లో ఎక్కితే అదే రైలు టేకల్ దాకా పోతుంది. పెట్టె సగం ఖాళీగా ఉండాది. బంగారుపేట దాటినాక పుష్పావతి మొగునికి అంతా చెప్పింది. కుండ సంగతి, ఉప్పునీళ్ళ సంగతి, ఆగ్నెస్ మాటలు.  అతను ఇప్పుడే లేచి, తిరుగు రైలు పట్టుకుని పోయి సెల్విన్ గొంతు పట్టుకుంటాడనుకుంది. పట్టుకోవద్దని చెప్పను కూడా మాటలు వెతుక్కుంది.

మునిశంకర్ కిటికీ బయటకు చూస్తా ఉండినాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు ఆస్పత్రిలో పడిన మర్నాడే బ్యాటరీ అమ్మిన అంగడికి ఫోను చేసినాను. అంత బరువు బండికి ఆ మోటారూ ఆ బ్యాటరీ పెట్టమన్నది ఎవురయ్యా, నీ మీద పగున్నోడా అని అడిగినాడు ఆయన."

పుష్పావతి అతని వైపు తిరిగింది.

"మరి సెల్విన్ ఇంటికి పోయి తప్పు నాదేనని వచ్చినావే."

"ఒప్పుకుంటాడేమో చూద్దామని పోయినాను. ఒప్పుకోలేదు. ఇంగ గొడవ పెట్టుకుంటే ఏమొస్తుంది పుష్పా? జయరామన్న ఎవుర్ని ఉంచుకుంటాడు, గెలిచేవాణ్ణా, నన్నా? నన్ను గోడ బయటికి పంపేస్తారు." కొంచెం ఆగి చెప్పినాడు. "ఫిబ్రవరి నుంచి జయరామన్న తన బండి ఒకటి నాకు తోలను ఇస్తానన్నాడు. సెల్విన్ హైదరాబాదు పోయినాక."

"నా చేతులు?"

"నీ చేతులు ఎట్లాగూ బాగుపడేవి కావు కదా."

అతను అది కోపంతో అనలేదు, విసురుగా అనలేదు. పాల డబ్బా కారుతా ఉండాదని చెప్పినంత మామూలుగా అన్నాడు. 

ఆ తర్వాతి ఆదివారం ఆమె అతనికి చెప్పకుండా బస్సెక్కి మాలూరు పోయింది. ఫ్యాక్టరీ గేటు దాటి, సున్నం గీతలు దాటి, రేసు నడుస్తా ఉండంగానే బయలు మధ్యకు వచ్చి నిలబడింది. ఒక బండి ఆమె కాలికి తగిలి పల్టీ కొట్టింది. అందరూ రిమోట్లు దించినారు.

"ఈ చేతులు చూడండి" అంది. చీర కొంగు తీసి రెండు చేతులూ ఎత్తింది. "ఈ సెల్విన్ తెలిసీ తెలిసీ మా ఆయనకు పేలిపోయే బ్యాటరీ చెప్పినాడు. తన బ్యాటరీని ఇంటి బయట ఇసుకలో పెట్టుకుంటాడు. మాకు పురుగుల ఇంట్లో పెట్టుకోమన్నాడు. మీరంతా బండ్లు తెలిసినోళ్ళు. అది తప్పో కాదో మీరే చెప్పండి."

 చాలామందికి ముందే అనుమానం ఉండింది. మునిశంకర్ బండిలో ఏ మోటారు ఉండిందో అందరూ చూసినోళ్ళే. హోసూరు నుంచి వచ్చే ఒకాయన తల వంచుకుని తన బండి చక్రాలు తుడుచుకున్నాడు. సెల్విన్ మొహం పాలిపోయింది. రిమోట్ ట్రిగ్గరు మీద వేలు అట్లే ఉండిపోయింది.

జయరాం గొంతు సవరించుకున్నాడు. మూడో మలుపు వైపు చూసినాడు.

"మునిశంకర్, ఏమప్పా? నీ పెండ్లాం చెప్పేది నిజమా?"

మునిశంకర్ టైర్ల పక్కన నిలబడి ఉండినాడు. ఎండకు అతని మొహం మీద చెమట కారుతా ఉండింది. పుష్పావతి చేతులు ఇంకా దించలేదు.

"లేదన్నా" అన్నాడు. "ఛార్జరు ఎక్కువలో పెట్టింది నేనే. అన్న జాగ్రత్తలన్నీ చెప్పినాడు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆమెకు మనసు సరిగ్గా లేదు. ఏదేదో అంటా ఉంటుంది."

"విన్నావు కదమ్మా" అన్నాడు జయరాం మెత్తగా. "గీత అవతలికి పో. బండ్లు తగులుతాయి."

పుష్పావతి చేతులు దించింది. మొగుని వైపు నడవలేదు. వచ్చిన దారినే గేటు దాకా పోయింది. ఆమె గేటు దాటకముందే వెనక మోటార్లు మళ్ళీ కీచుమని లేచినాయి.

టేకల్ బస్సు ఎక్కలేదు ఆమె. లక్కూరు బస్సెక్కి పుట్టింటికి పోయింది. అక్కడ అన్న ముత్యాలప్పకు చిన్న మల్బరీ తోట, పురుగుల షెడ్డు ఉండాది. వదిన ఏమీ అడగలేదు. మరుసటి దినం పుష్పావతి ఎడమచేత్తో ఆకు కోయడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి కొమ్మను వంచి పట్టేదానికి మాత్రం పనికొచ్చింది. మొదట్లో గంటకు ఒక గంప నిండేది కాదు.

మునిశంకర్ రెండుసార్లు వచ్చినాడు. మొదటిసారి అమ్మను వెంటబెట్టుకుని వచ్చినాడు. మునిలక్ష్మమ్మ కోడలి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది, ఇంటికి రమ్మంది. పుష్పావతి ఆమెకు అన్నం వడ్డించి, బస్సు దాకా పంపించి వచ్చింది. మొగునితో మాట్లాడలేదు. రెండోసారి అతనొక్కడే వచ్చినాడు, మార్చిలో. అప్పటికి సెల్విన్ హైదరాబాదులో తొమ్మిదో స్థానంలో వచ్చి, అయినా అంగడాయన దగ్గరే ఉద్యోగం ఖాయమై, బెంగుళూరుకు మకాం మార్చేసినాడు. జయరాం మునిశంకర్‌కు ఇస్తానన్న బండి ఇంకెవురికో ఇచ్చినాడు. పెండ్లాం వచ్చి గలాటా చేసే మనిషితో మనకెందుకులే అన్నాడంట.

పురుగులు జ్వరంలో ఉండాయి. బయటివాళ్ళ కాళ్ళ దుమ్ము పడితే రోగం తగులుతుందని షెడ్డు గడప దగ్గర సున్నం చల్లి ఉంచినారు. మునిశంకర్ ఆ సున్నం ఇవతల నిలబడి, పుష్పా అని పిలిచినాడు. లోపల నుంచి ఆమె అతన్ని చూసింది.

"బండి కూడా ఇవ్వలేదు నాకు" అన్నాడు అతను. ఇంకేం చెప్పాలో తెలియక ఆ మాటే చెప్పినాడు.

పుష్పావతి తడిక మీద ఎండిపోయిన ఆకులు ఏరుతా ఉండింది. ఒక తడిక అయినాక ఇంకో తడికకు పోయింది. అతను మధ్యాహ్నం బస్సు టైము దాకా అక్కడే నిలబడి ఉండినాడు. ముత్యాలప్ప వచ్చి, ఎండ ఎక్కుతా ఉండాది బయలుదేరు బావా అని చెప్పి పంపించినాడు.